కూవర్చర్ (కోకో బటర్ ఎక్కువుండే చాక్లెట్) అని చెప్పి కాంపౌండ్ (కోకో బటర్ బదులు వేరే కొవ్వు వేసింది) అంటగట్టారు, కొనేవాళ్ళు జాగ్రత్త!

బేకింగ్ సామాన్లు ఆన్‌లైన్‌లో అమ్మే ఆ సెల్లర్ దగ్గర డార్క్ కూవర్చర్ తీసుకున్నవాళ్ళు ముందు ప్యాకెట్ బయటికి తీసి చూసుకోండి. పేరు రాయట్లేదు. ఇంట్లో చాక్లెట్ నట్స్ చేసేవాళ్ళు చాలామంది అక్కడే కొంటారు కాబట్టి ఎవరో మీకే అర్థమవుతుంది.

బాదం, హేజెల్‌నట్స్ దోరగా వేయించి, పూర్తిగా చల్లార్చి పెట్టుకున్నాను. వీళ్ళ చాక్లెట్ 45 డిగ్రీలకి కరిగించి, ఇంట్లో ఉన్న వేరే మంచి కూవర్చర్ ముక్కలు సీడ్‌గా, అంటే పెరుగుకి తోడు వేసినట్టు, వేసి 31-32కి దించాను. పూత గట్టిగా, నిగనిగలాడుతూ రావడానికి చేసే ఈ పనినే టెంపరింగ్ అంటారు, నేను ఎప్పుడూ చేసే పద్ధతే. పూత గట్టిపడితే ఒట్టు! ముట్టుకుంటే వేలికి అంటుకుంటోంది. మర్నాటికి పైన బూడిద రంగు మచ్చలు తేలాయి. నోట్లో వేసుకుంటే కరగట్లేదు, మైనంలా అంగిటికి పట్టేస్తోంది. వేయించిన పప్పులన్నీ చెత్తబుట్ట పాలు.

ఫోటోలు పెడితే వచ్చిన జవాబు చూడండి: "టెంపరింగ్ అందరికీ రాదులెండి మేడమ్. ముందు వీడియోలు చూసి నేర్చుకోండి."

ఒళ్ళు మండిపోయింది. ప్యాకెట్ మళ్ళీ తీశాను. వాళ్ళ స్టిక్కర్ ఒక మూల లేచి ఉంది. గోటితో గీకితే కింద ఇంకో లేబుల్! కంపెనీ వేసిన అసలు లేబుల్ అది. చక్కెర తర్వాత రెండో పేరే 'హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్'. కోకో బటర్ అన్న మాటే లేదు. దాని మీద 'ప్రీమియం కూవర్చర్' అని సొంత స్టిక్కర్ అంటించి అమ్ముతున్నారు. పొరపాటున ఒక ప్యాకెట్ బదులు ఇంకోటి రావడం వేరు, లేబుల్ కప్పి అమ్మడం వేరు. ఇది పచ్చి మోసం.

కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల ప్రకారం కూవర్చర్‌లో కోకో బటర్ కనీసం 31 శాతం ఉండాలి. కాంపౌండ్‌లో దాని బదులు ఎక్కువగా పామ్ కెర్నల్ లాంటి నూనెల కొవ్వు వాడతారు. ఆ కొవ్వుకీ కోకో బటర్‌కీ పొసగదు, రెండూ కలిస్తే పూత మెత్తబడుతుంది, తెల్లబారుతుంది. నేను వేసిన మంచి చాక్లెట్ కూడా అలాగే పోయింది. కాంపౌండ్ అని చెప్పి అమ్మితే నాకేం గొడవ లేదు. దానికి టెంపరింగే అక్కర్లేదు, కరిగించి ముంచితే సరిపోతుంది, పిల్లలతో కలిసి చేసుకోవడానికి హాయిగా ఉంటుంది.

గీకిన లేబుల్ ఫోటో కూడా పంపాను. "అందరూ ఇలాగే అమ్ముతారు, ఎవరూ అడగలేదు" అన్నారు. డబ్బు వెనక్కివ్వమంటే బ్లాక్ చేశారు! క్షమించండి అన్న ఒక్క మాట లేదు. పైగా నాకు పని రాదని నాకే పాఠం!

అక్కడే కాదు, ఎక్కడ కొన్నా ఆర్డర్ పెట్టేముందు కంపెనీ లేబుల్ ఫోటో అడగండి. కొవ్వు దగ్గర కోకో బటర్ బదులు వేరే వెజిటబుల్ ఫ్యాట్ కనిపిస్తే అది కూవర్చర్ కాదు. విడిగా ప్యాక్ చేసి సొంత స్టిక్కర్ వేసినవి వద్దు. వచ్చాక కూడా అంతా ఒకేసారి కరిగించకండి, ఒక చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. ఆ సెల్లర్‌తో ఇలాగే అయినవాళ్ళుంటే ప్యాకెట్ ఫోటోలు కింద పెట్టండి, అందరం కలిసి ఫిర్యాదు చేద్దాం.