రాస్ప్‌బెర్రీ పై 4, జెల్లీఫిన్: ఏళ్ల తరబడి వాడాక

మా హాల్లో టీవీ వెనక, వైర్ల మధ్య, అరచేతిలో పట్టే అల్యూమినియం డబ్బా ఒకటి 2020 నుంచి రాత్రీ పగలూ నడుస్తోంది. అందులో ఉన్నది 4 జీబీ ర్యామ్ ఉన్న రాస్ప్‌బెర్రీ పై 4 అనే బుల్లి కంప్యూటర్. దానికి తగిలించిన హార్డ్ డిస్కులో మా ఇంటి పెళ్లి క్యాసెట్లు, వీసీడీలు, డీవీడీలు, పాటల సీడీలు అన్నీ ఫైళ్లుగా ఉన్నాయి. వాటిని టీవీకీ ఫోన్లకీ అందించే పని జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ఈ జోడీ గురించి వచ్చే సమీక్షలు చాలావరకు కొన్న వారంలోనే రాసినవి. కొన్న వారంలో ఏ వస్తువైనా బాగానే ఉంటుంది. రెండు ఎండాకాలాలు, నాలుగు తుఫాన్లు దాటాక కదా దాని బండారం బయటపడేది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఓటీటీ చందాలు మానేసి దీంతో సరిపెట్టుకుందాం అనుకుంటే డబ్బు, టైము రెండూ దండగ. మీ బీరువాలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా దొరకని సరుకు మీ దగ్గర ఉంటే మాత్రం ఇంతకన్నా చవగ్గా, నిబ్బరంగా నడిచేది నాకు కనబడలేదు.

పై 4 బయటికొచ్చింది 2019 జూన్‌లో. అంతకుముందు మోడళ్లలో నెట్‌వర్క్, యూఎస్‌బీ రెండూ ఒకే ఇరుకు దారిలో పోయేవి, డిస్కు నుంచి పెద్ద ఫైలు పంపాలంటే నత్తనడక. ఇందులో అసలైన గిగాబిట్ నెట్‌వర్క్, రెండు యూఎస్‌బీ 3 పోర్టులు వచ్చాయి. నాలాంటి వాళ్లకి దీన్ని సర్వర్‌గా వాడొచ్చు అనిపించింది అందుకే. కరెంటు ఖర్చు లెక్కలోకి రాదు. డిస్కుతో కలిపి 8 వాట్లు అనుకున్నా నెలకి 6 యూనిట్లు దాటదు.

కరెంటు ఖర్చు తక్కువే గానీ, కరెంటు విషయంలో దీనికి పట్టింపు ఎక్కువ. 5 వోల్టుల దగ్గర 3 యాంపియర్లు నికరంగా ఇచ్చే అడాప్టరే కావాలి. ఇంట్లో పడి ఉన్న పాత ఫోన్ ఛార్జర్ పెడితే ఆన్ అవుతుంది, కానీ వోల్టేజీ 4.63 కంటే కిందికి జారగానే తెర మీద మెరుపు గుర్తు కనిపిస్తుంది. అది కనిపించినా పట్టించుకోకుండా వాడితే మీ డిస్కుని మీరే పాడుచేసుకున్నట్టు. ఇంకో సంగతి, దీని యూఎస్‌బీ పోర్టులన్నీ కలిపి బయటికి ఇవ్వగలిగింది 1.2 యాంపియర్లే. తిరిగే డిస్కు ఒకటి, తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ ఒకటి దీనికే తగిలిస్తే ఎప్పుడో ఓ రాత్రి డిస్కు మాయమైపోతుంది. అందుకే పెద్ద డిస్కుకి సొంత అడాప్టర్ ఉన్నది తీసుకున్నాను. ఆపరేటింగ్ సిస్టమ్‌ని మెమరీ కార్డులో పెట్టుకునే అలవాటు కూడా మంచిది కాదు. జెల్లీఫిన్ తన డేటాబేస్‌లో ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది, కరెంటు పోయిన ప్రతిసారీ కార్డుకి గండమే. 2020 నుంచి ఇది యూఎస్‌బీ నుంచి నేరుగా బూట్ అవుతోంది కాబట్టి చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టేస్తే ఆ టెన్షన్ ఉండదు.

ఎండాకాలం సంగతి. మాది కాకినాడ. మే నెలలో మధ్యాహ్నం ఏసీ లేని హాలు ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. చిప్ వేడి 80 డిగ్రీలకి చేరితే పై 4 తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ప్లాస్టిక్ కేసులో పెడితే ఆ గీత దాటడం పెద్ద కష్టం కాదు. డబ్బా మొత్తం వేడిని బయటికి లాగేసే హీట్‌సింక్‌గా పనిచేసే అల్యూమినియం కేసు వేస్తే ఫ్యాన్ లేకుండానే గట్టెక్కుతుంది. ఫ్యాన్ లేకపోతే దుమ్ము లేదు, చప్పుడు లేదు. నెట్‌వర్క్‌కి మాత్రం వైఫై వద్దు, కేబుల్ వేయండి. యూఎస్‌బీ 3 పోర్టు పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి అడ్డుపడటం ఎప్పటినుంచో తెలిసిన జబ్బే.

ఇక అసలు విషయం. టీవీకి అర్థమయ్యే రూపంలో ఫైలు ఉంటే సర్వర్ దాన్ని ఉన్నదున్నట్టు పంపేస్తుంది. దాన్ని డైరెక్ట్ ప్లే అంటారు. ఈ పనిలో పై 4కి అలుపు లేదు. హాల్లో టీవీ, గదిలో ట్యాబ్, వంటింట్లో ఫోను, మూడూ ఒకేసారి ఆడినా ప్రాసెసర్ నిద్రలోనే ఉంటుంది. టీవీకి ఆ రూపం అర్థం కాకపోతే సర్వర్ అప్పటికప్పుడు మార్చి పంపాలి, అది ట్రాన్స్‌కోడింగ్. అక్కడే పై 4 చతికిలబడుతుంది. చిన్న వీసీడీ ఫైలైతే లాక్కొస్తుంది. హెచ్‌ఈవీసీ అనే వీడియో రూపంలో ఉన్న 1080పీ ఫైలు మార్చమంటే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది, సోఫాలోంచి మా అమ్మ "నాన్నా, మళ్లీ తిరుగుడు మొదలైంది, కాస్త చూడూ" అంటుంది. ఇది సెట్టింగులు మారిస్తే పోయేది కాదు. రాస్ప్‌బెర్రీ పై మీద హార్డ్‌వేర్ సాయంతో చేసే ట్రాన్స్‌కోడింగ్‌ని జెల్లీఫిన్ వాళ్లే పక్కన పెట్టేశారు. 2023లో వచ్చిన పై 5 ఇంకా వేగమైనదే, కానీ అందులో వీడియోని ఎన్‌కోడ్ చేసే హార్డ్‌వేర్ భాగాన్నే తీసేశారు.

కాబట్టి కష్టమంతా ముందే పడాలి. ప్రతి వీడియోనీ లాప్‌టాప్‌లో హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, ఏ టీవీ అయినా ఆడించే హెచ్.264 రూపంలోకి మార్చి, అప్పుడు డిస్కుకి ఎక్కించాలి. డీవీడీలతో ఒక చిక్కు ఉంది. నా దగ్గరున్న డీవీడీల్లో బొమ్మ 576 గీతలు, అదీ ఇంటర్‌లేస్డ్, అంటే ఒక్కో ఫ్రేమ్‌లో సగం గీతలు ఒకసారి, సగం ఇంకోసారి. అలాగే మార్చేస్తే నటి తల తిప్పినప్పుడల్లా ముఖం అంచు చీలిపోయినట్టు కనిపిస్తుంది. హ్యాండ్‌బ్రేక్‌లో డీకోంబ్ ఫిల్టర్ పెడితే పోతుంది. రాత్రి పడుకునే ముందు నాలుగు ఫైళ్లు వరసలో పెట్టి వదిలేస్తాను, పొద్దునకి అయిపోతాయి.

వీసీడీలు ఇంకో లోకం. 2000 ప్రాంతంలో తెలుగిళ్లలో సినిమా అంటే రెండు మూడు వీసీడీల కవరే. బొమ్మ 352 బై 288. ఇప్పటి 4కే టీవీ మీద చూస్తే మసకగానే ఉంటుంది, దాన్ని మనం చేయగలిగింది లేదు. లైనక్స్‌లో ఆ సీడీ పెట్టి లోపలున్న డాట్ ఫైలుని మామూలుగా కాపీ చేయబోతే ఎర్రర్ ఇస్తుంది. సీడీ పాడైందనుకుని చాలామంది అక్కడే పారేస్తారు. వీసీడీలో వీడియో రాసే పద్ధతే వేరు, ఎక్కువ నిడివి పట్టడం కోసం తప్పులు దిద్దే అదనపు సమాచారాన్ని అందులో వదిలేశారు. వీసీడీఎక్స్‌రిప్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో తీస్తే గీతలు పడిన సీడీలు కూడా చాలావరకు వచ్చేస్తాయి, అక్కడక్కడా గళ్లు పడతాయంతే. ఏఐతో బొమ్మ పెంచే సాఫ్ట్‌వేర్లు కూడా వాడి చూశాను. మా నానమ్మ ముఖాన్ని మైనపు బొమ్మ చేసి పెట్టాయి. ముడతలన్నీ పోయాయి, మనిషి కూడా పోయింది. మసకే నయం.

ఇంత శ్రమా ఎందుకంటే పెళ్లి క్యాసెట్ల కోసం. 1993లో జరిగిన మా చిన్నాన్న పెళ్లి వీహెచ్‌ఎస్ క్యాసెట్ మూడు గంటలది. సముద్రపు గాలికి టేపు అంచున తెల్లగా బూజు పట్టింది. బూజు ఉన్న టేపుని నేరుగా వీసీఆర్‌లో పెడితే హెడ్ కూడా పాడవుతుంది. డబ్బా విప్పి, మెత్తటి పొడి గుడ్డతో ఓపిగ్గా తుడిచి, అప్పుడు పెట్టాను. పాత వీసీఆర్ నుంచి పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు యూఎస్‌బీ క్యాప్చర్ పరికరంలోకి, అక్కడ్నుంచి లాప్‌టాప్‌కి. ఇందులో అడ్డదారి లేదు, మూడు గంటల టేపుకి మూడు గంటలు కూర్చోవాల్సిందే.

ఆ రోజుల్లో వీడియో తీసినవాళ్లు ఎలా మిక్సింగ్ చేసేవారో చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. గుండె ఆకారంలో పెళ్లికూతురు ముఖం, తామరపువ్వు విచ్చుకుంటే అందులో పెళ్లికొడుకు, వీటన్నిటి మీదా మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలు. మనుషుల గొంతులు అసలు వినబడవు. జీలకర్ర బెల్లం దగ్గర కాసేపు మంత్రాలు, నాదస్వరం వదిలారు. అది కాక, భోజనాల దగ్గర ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపు చిన్న సందు దొరికింది. ఆ సందులో మా నానమ్మ గొంతు: "ఆ చివరి పంక్తికి పప్పు వెళ్లలేదు, చూడండర్రా!" ఆవిడ గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు. జెల్లీఫిన్‌లో వీడియోకి చాప్టర్లు కనిపిస్తాయి, అక్కడొక చాప్టర్ గుర్తు పెట్టాను. ఏ ఓటీటీలోనూ దొరకని సరుకు అన్నది ఇలాంటిదాన్నే.

పాటల దగ్గర జెల్లీఫిన్ నాకు పూర్తిగా నచ్చలేదు. సీడీ నుంచి పాటని ఫ్లాక్ అనే ఫైలు రూపంలోకి తీస్తే నాణ్యత ఏమాత్రం తగ్గదు, సైజు సుమారు సగానికి వస్తుంది, అంతవరకు బాగుంది. కానీ ఇది ప్రపంచాన్ని ఆర్టిస్టు, ఆల్బమ్ అనే రెండు గళ్లలోంచే చూస్తుంది. మనం పాట వెతికేది అలా కాదు కదా. ఒకరికి సంగీత దర్శకుడు కావాలి, ఒకరికి గాయని, మా నాన్నకైతే ఆత్రేయ రాసినవా వేటూరి రాసినవా అన్నదే ముఖ్యం. రచయిత పేరు ట్యాగ్‌లో రాసుకోవచ్చు, దాని ప్రకారం జాబితా చూపించమంటే మాత్రం చూపించదు. నేను ఆల్బమ్ ఆర్టిస్టు గడిలో సంగీత దర్శకుణ్ణి పెట్టి, రచయితలకి విడిగా ప్లేలిస్టులు చేసి నెట్టుకొస్తున్నాను. తెలుగు సీడీల వివరాలు ఆన్‌లైన్‌లో తరచూ దొరకవు, దొరికినా ఘంటసాల పేరుకే మూడు నాలుగు ఇంగ్లిష్ స్పెల్లింగులు. ఓపికగా చేత్తో రాసుకోవడమే.

సినిమాల పేర్ల దగ్గర కొంచెం నయం. ఫైలు పేరులో సంవత్సరం తప్పనిసరిగా ఉండాలి. దేవదాసు అని ఊరుకుంటే 1953 నాటి సినిమాకి 2006 నాటి పోస్టర్ అంటించే ప్రమాదం ఉంది. సబ్‌టైటిళ్ల విషయం: డీవీడీల్లో అవి అక్షరాలు కావు, బొమ్మలు. వాటిని ఆన్ చేస్తే చాలా టీవీల్లో ట్రాన్స్‌కోడింగ్ మొదలై పై 4 కూలబడుతుంది. ముందుగానే అక్షరాలుగా మార్చి ఎస్ఆర్‌టీ ఫైలు పక్కన పెట్టుకోండి.

ఇలాంటి పనికే ఉన్న కోడీ, ప్లెక్స్ అనే సాఫ్ట్‌వేర్లు ఎందుకు కాదని అడుగుతారు. కోడీ మంచిదే, పాత ఎక్స్‌బాక్స్ రోజుల నుంచీ ఉంది, 2014 దాకా దాని పేరు ఎక్స్‌బీఎంసీ. ఒకే టీవీ ఉన్న ఇంటికి ఇప్పటికీ అదే చాలు. ప్లెక్స్ చూడ్డానికి అందంగా ఉంటుంది, కానీ నా డిస్కులో ఉన్నది చూడ్డానికి వాళ్ల దగ్గర అకౌంటెందుకో నాకు అర్థం కాదు. 2025 ఏప్రిల్‌లో ఇంటి బయటి నుంచి చూడటాన్ని డబ్బు కట్టేవాళ్లకే పరిమితం చేశారు, జీవితకాల పాస్ ధరని 120 డాలర్ల నుంచి 250కి చేర్చారు. ఎంబీ అనే సాఫ్ట్‌వేర్ తన కోడ్‌ని మూసేసినప్పుడు, 2018 డిసెంబరులో దాన్నుంచి చీలి పుట్టింది జెల్లీఫిన్. కోడ్ అందరి ముందూ ఉంది కాబట్టి రేపు ఎవరైనా గేటు వేసినా ఇంకొకరు మళ్లీ ఎత్తుకుంటారు. 10.11 లాంటి పెద్ద వెర్షన్‌కి మారేటప్పుడు మాత్రం డేటాబేస్ కాపీ తీసుకోకుండా ముట్టుకోవద్దు.

ఊరి బయటి నుంచి చూడాలంటే మన దగ్గర ఒక అడ్డంకి ఉంది. చాలా ఇళ్ల ఇంటర్నెట్ కనెక్షన్‌కి సొంత పబ్లిక్ అడ్రస్ ఉండదు, ఎన్నో ఇళ్లు ఒకే అడ్రస్ వెనక ఉంటాయి. రూటర్‌లో పోర్టు తెరిచినా ప్రయోజనం లేదు. మన పరికరాలన్నిటినీ ఒకే ప్రైవేట్ నెట్‌వర్క్‌లా కలిపే టెయిల్‌స్కేల్ వేస్తే ఆ తలనొప్పి పోతుంది, ఇంటి వాడకానికి ఉచితమే. మా చిన్నాన్న కూతురు టెక్సాస్‌లో ఉంటుంది. తన అమ్మానాన్నల పెళ్లి అక్కడి నుంచే చూసి అర్ధరాత్రి మెసేజ్ పెట్టింది: "అన్నయ్యా, నాన్న వెనకాల ఆ పెద్ద కాలరు చొక్కా నువ్వేనా?" నేనే.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి పై కొనమని చెప్పను. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 చిప్ ఉన్న చిన్న పీసీలు ట్రాన్స్‌కోడింగ్‌ని అలవోకగా చేస్తాయి, పై 4కి చేతకాని ఏవీ1 అనే కొత్త వీడియో రూపపు ఫైళ్లు కూడా ఆడిస్తాయి. అదీ వద్దనుకుంటే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ లాంటి చోట్ల దొరికే పాత ఆఫీసు కంప్యూటర్ చాలు, కాస్త కరెంటు ఎక్కువ తింటుంది. పై 4 ఇప్పటికే ఇంట్లో మూల పడి ఉండి, ఫైళ్లు ముందే మార్చుకునే ఓపిక మీకు ఉంటే అదే వాడండి. ఏది కొన్నా రెండో డిస్కు డబ్బు కూడా అందులోనే లెక్కేసుకోండి. నా రెండో కాపీ హైదరాబాద్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉంటుంది, పండక్కి వచ్చినప్పుడు తెస్తుంది, కొత్తవి ఎక్కించి మళ్లీ పంపిస్తాను.