గరికా, మెక్సికన్ గడ్డా? ఇంటి ముందు లాన్‌కి ఏది మేలు?

వానాకాలంలో నర్సరీకి వెళ్తే ఏ గడ్డి చూసినా ముద్దొస్తుంది. రోజూ నీళ్లు పెట్టి, ఎరువు చల్లి అమ్మకానికి పెంచిన గడ్డి అది. మన ఇంటికి వచ్చాక దానికి అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో. అందుకే రంగు, మెత్తదనం చూసి మనసు పారేసుకునే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. ఆ స్థలంలో రోజుకు ఎన్ని గంటలు నేరుగా ఎండ పడుతుంది? నడివేసవిలో మీ బోరు ఎన్ని నీళ్లు ఇస్తుంది? ఈ రెండూ తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

ముందు నీళ్ల లెక్క చూద్దాం. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్లు నిలవాలంటే ఒక లీటరు కావాలి. మే నెల ఎండల్లో లాన్ పచ్చగా ఉండాలంటే రోజుకు సుమారు 5 మిల్లీమీటర్లు వేసుకోండి. 500 చదరపు అడుగుల లాన్ అంటే దాదాపు 46 చదరపు మీటర్లు, అంటే రోజుకు 230 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్ మూడు వారాలకు ఖాళీ అవుతుంది. హైదరాబాద్ శివార్లలో వేసవికి బోర్లు అడుగంటే కాలనీల్లో ఇది చిన్న మాట కాదు. నీళ్లు అంత ఇవ్వలేమనుకుంటే లాన్ విస్తీర్ణం తగ్గించుకోండి, లేదా వేసవిలో ఎండిపోయినా మళ్లీ లేచే గడ్డిని ఎంచుకోండి.

అలా లేచే గడ్డి గరిక. వినాయక చవితి పత్రిలో పెట్టుకునేది, పొలం గట్టు మీద రైతును విసిగించేది, క్రికెట్ మైదానాల్లో పరుచుకునేది అన్నీ ఒక్క జాతే. నేల మీద తీగలు పాకిస్తుంది, నేల లోపల కూడా కాండాలు దాచుకుంటుంది, వేళ్లు లోతుకు దించుతుంది. నీళ్లు ఆపేస్తే పైన గోధుమ రంగుకు మారి నిద్రపోతుంది, తొలకరి పడగానే లోపలి కాండం నుంచి చిగురిస్తుంది. పిల్లలు ఆడి అరిగిన చోటు కూడా కొన్ని వారాల్లో తనంతట తానే పూడుకుంటుంది. నర్సరీల్లో ‘సెలక్షన్ వన్’ అని అమ్మేది ఇందులో సన్నాకు రకం. ఇంటి లాన్‌కి అది చక్కగా సరిపోతుంది. గోల్ఫ్ మైదానాల కోసం అమెరికాలోని టిఫ్టన్‌లో తయారుచేసిన సంకర రకాలు కూడా కొన్నిచోట్ల దొరుకుతాయి. అవి మరీ పొట్టిగా, తరచుగా కోస్తేనే అందంగా ఉంటాయి కాబట్టి ఇంటికి అనవసరం.

గరికకు నీడ పడదు. రోజుకు ఆరేడు గంటలు నేరుగా ఎండ లేకపోతే పలచబడి, పొడుగు సాగి, మధ్యలో మట్టి కనిపిస్తుంది. చుట్టూ రెండంతస్తుల ఇళ్లున్న గల్లీలో గరిక వేసి మాలిని తిట్టుకోవడం న్యాయం కాదు. ఇంకో ఇబ్బంది దాని దూకుడు. వానాకాలంలో వారానికోసారి కోయాలి. పక్కనే ఉన్న గులాబీ మడిలోకి, చామంతి మడిలోకి పాకుతుంది. లాన్ అంచున ఇటుకో, రాయో లోతుగా పాతి అడ్డం కట్టాల్సిందే.

ఇప్పుడు అందరూ అడిగే మెక్సికన్ గడ్డి సంగతి. పేరు అలా పడిపోయింది గానీ ఇది జోయ్‌సియా జాతి, తూర్పు ఆసియా వైపుది. కొరియన్ గడ్డి కూడా దీని బంధువే. కడియం నర్సరీల నుంచి మట్టితో సహా పలకలుగా లారీల్లో వస్తుంది. పరిచిన రోజే లాన్ తయారైపోతుంది, గృహప్రవేశం ముందు వారం వేయించుకునేవాళ్లకు అదే ఆకర్షణ. దట్టంగా, కాలికి మెత్తగా ఉంటుంది. నాలుగైదు గంటల ఎండతో కూడా నెట్టుకొస్తుంది. నిదానంగా పెరుగుతుంది కాబట్టి నెలకోసారి కోస్తే చాలు. కోయడానికి తీరిక లేని ఉద్యోగస్తులకు ఇది పెద్ద లాభం.

అయితే ఆ నిదానమే దాని బలహీనత కూడా. కుక్కపిల్ల తవ్వినా, రోజూ ఒకే దారిలో నడిచినా పడిన మచ్చ నెలల తరబడి పూడదు. ఆ ఖాళీలోకి తుంగ దూరుతుంది. కొయ్యకుండా వదిలేస్తే, ముఖ్యంగా సన్నాకు కొరియన్ రకం, గుట్టలు గుట్టలుగా లేస్తుంది. అడుగున ఎండుగడ్డి పొర పేరుకుంటుంది, నీళ్లు దిగవు. ఆకు గట్టిది కాబట్టి మొద్దు బ్లేడుతో కోస్తే కొనలు చీలి తెల్లబడతాయి. నల్లరేగడి మీద పలుచగా ఎర్రమట్టి పోసి పలకలు పరిచేస్తే, నీళ్లు నిలిచి పచ్చదనం పసుపుకు తిరుగుతుంది. చాలామంది దీన్ని రోగం అనుకుని మందులు కొడతారు. చాలాసార్లు అక్కడ కావాల్సింది నీళ్లు బయటికి పోయే దారి.

నా తీర్పు సూటిగా చెబుతాను. పిల్లలు బంతి ఆడే చోటు, ఎండ బాగా తగిలే చోటు, నీళ్ల మీద నమ్మకం లేని చోటు గరికే వేయండి. పోర్టికో పక్కన చిన్న జాగా, అరపూట ఎండ, ఎవరూ తొక్కని చోటు అయితే మెక్సికన్‌కి డబ్బు పెట్టొచ్చు. వెయ్యి అడుగుల లాన్ అంతా మెక్సికన్ పరచడం మాత్రం నాకు నచ్చదు. ఖర్చు ఒకటి, చెడితే బాగుచేసుకునే శక్తి దానికి తక్కువ కావడం రెండు.

కొబ్బరి చెట్ల కింద, ఇంటికి ఉత్తరం వైపు నీడలో ఈ రెండూ పనికిరావు. అక్కడికి వెడల్పాకు గడ్డి అడగండి. నర్సరీలో ‘బఫెలో’ అనో ‘కార్పెట్’ అనో చూపిస్తారు, ఒకే పేరు మీద వేరే వేరే గడ్లు అమ్ముతారు కాబట్టి ఆకును పట్టి చూసి, అది నీడలో పెరిగిందో ఎండలో పెరిగిందో అడిగి తీసుకోండి. దీన్ని కాస్త ఎత్తుగా, రెండు మూడు అంగుళాలు ఉంచి కోయాలి. కార్పెట్ రకానికి వేళ్లు పైపైనే ఉంటాయి, తడి ఆరితే వాడిపోతుంది. మామిడి కిందలాంటి చిక్కటి నీడలో మాత్రం ఏ గడ్డీ వద్దు. గడ్డిలా కనిపించే, నీడలో పెరిగే మాండో మొక్కలో, రాలిన ఆకులో, నాలుగు నాపరాళ్లో మేలు.

విశాఖ, కాకినాడ వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటే గరిక, జోయ్‌సియా రెండూ కొంతవరకు ఓర్చుకుంటాయి. పాస్పాలం అనే సముద్రతీరపు గడ్డి ఇంకా బాగా ఓర్చుకుంటుంది. కార్పెట్ గడ్డి ఓర్చుకోదు. అమెరికాలో ఉన్న బంధువులు కెంటకీ బ్లూగ్రాస్, ఫెస్క్యూ విత్తనాలు పంపుతామంటే వద్దని చెప్పండి. అవి చలిదేశపు గడ్లు, మన వేసవికి నిలవవు. వాళ్లు డాలస్‌లో ఉంటే వాళ్ల లాన్‌లో కూడా ఎక్కువగా ఉండేది గరిక జాతి బెర్ముడా, లేదా వెడల్పాకు సెయింట్ అగస్టీనే.

ఏ గడ్డి తీసుకున్నా, తెచ్చే ముందు తుంగ పని పట్టాలి. కొన్న ఎర్రమట్టిలోనే దాని గడ్డలు వస్తాయి, పైన పీకితే కింద గడ్డ మళ్లీ మొలుస్తుంది. మే నెలలో నేల అడుగు లోతు తవ్వి ఎండబెట్టండి. తర్వాత నీళ్లు పెట్టి తుంగను మొలవనిచ్చి, గడ్డలతో సహా తవ్వి తీయండి. ఇలా రెండు మూడు విడతలు చేయాలి. ఆ పైన బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, నీళ్లు ఒక వైపుకి జారేలా చదును చేయాలి. పచ్చి ఎరువు వేస్తే చెదలు, కలుపు విత్తనాలు రెండూ వస్తాయి. గరికకు పలకలు కొనక్కర్లేదు. కణుపులున్న తీగ ముక్కలు బెత్తెడు దూరంలో నాటి తడి ఆరకుండా చూస్తే, జూన్‌లో నాటింది వానలు తగ్గేలోపు నేల కప్పేస్తుంది. మెక్సికన్ పలకలైతే సందు లేకుండా పరిచి, రోలర్‌తో అణచి, వేళ్లు పట్టేదాకా రెండు మూడు వారాలు రోజూ తడపాలి. ఆ తర్వాత రోజూ చిలకరించడం మానేసి, వారానికి రెండు మూడుసార్లు తెల్లవారుజామున లోతుగా తడిసేలా పెట్టండి.