హ్యాండ్‌బ్రేక్: తలంబ్రాల సీనే దీనికి పరీక్ష

హన్మకొండ, కాజీపేట ఇండ్లలో టీవీ కింది అర తీస్తే ఒకటో రెండో పెండ్లి డీవీడీలు దొరుకుతాయి. ప్లేయర్ మూలపడింది, కొత్త ల్యాప్‌టాప్‌కు డిస్క్ పెట్టే చోటే లేదు. ఆ వీడియోను పెన్‌డ్రైవ్‌కో ఫోన్‌కో మార్చుకోవడానికి హ్యాండ్‌బ్రేక్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ చాలు. పైసా ఖర్చు లేదు, పని గట్టిది. కాకపోతే ప్రీసెట్ (ముందే సిద్ధం చేసిపెట్టిన సెట్టింగులు) నొక్కి వదిలేస్తే మన పెండ్లి వీడియోలు కుదుపులతో వస్తాయి.

ముందు బయటి డ్రైవ్ తగిలించి, డిస్క్‌లోని వీడియో_టీఎస్ ఫోల్డర్‌ను హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. గీతలు పడ్డ డిస్క్ నుంచి నేరుగా మారుస్తుంటే సగంలో ఆగి, గంట పని వృథా అవుతుంది. ఫోల్డర్‌లో వీడియో 1 జీబీ చొప్పున వీఓబీ ముక్కలుగా ఉంటుంది. ఒక్క ముక్కను తెరిస్తే పెండ్లి ఎదురుకోళ్ల దగ్గరే అయిపోతుంది, అందుకే ఫోల్డర్ మొత్తాన్నీ తెరవాలి.

ఇక అసలు చిక్కు ఇంటర్‌లేసింగ్, అంటే బొమ్మను సరి గీతలు, బేసి గీతలుగా రెండు సగాలు (ఫీల్డులు) చేసి పట్టడం. మన టీవీ పద్ధతైన పాల్‌లో డీవీడీ సైజు 720×576, సెకనుకు 25 ఫ్రేములు. పాత కెమెరాలతో తీసిన వాటిలో ఒక్కో ఫ్రేమ్‌లో వేర్వేరు క్షణాల్లో పట్టిన రెండు ఫీల్డులుంటాయి. పాత డబ్బా టీవీలో తెలియదు గానీ, ఫోన్‌లో చూస్తే చెయ్యి కదిలిన ప్రతిచోటా దువ్వెన పండ్లలాంటి గీతలు. ఫిల్టర్స్‌లో డీఇంటర్‌లేస్‌కు బీడబ్ల్యూడిఫ్, దాని ప్రీసెట్‌కు బాబ్ పెడితే రెండు ఫీల్డులూ విడివిడి ఫ్రేములై సెకనుకు 50 వస్తాయి. చాలామంది ఇక్కడే ఒకటి మరుస్తారు: ఫ్రేమ్‌రేట్‌ను 'సేమ్ యాజ్ సోర్స్'కు మార్చాలి. ప్రీసెట్ పేరు చివర కనిపించే 25, 30 అంకెలు ఫ్రేమ్‌రేట్ పరిమితులు. అవి అలాగే ఉంటే బాబ్ ఇచ్చిన ఫ్రేములను మళ్లీ కోసేస్తాయి, కెమెరా పక్కకు తిరిగినప్పుడల్లా బొమ్మ కుదుపుతుంది.

నాణ్యత ఎంతుండాలో తేల్చేది తలంబ్రాల సీను. వందల గింజలు తలో దిక్కు పోతాయి, పైనుంచి ఫ్లాష్ వెలుగులు. ముందు ఫ్రేమ్‌తో పోల్చి మిగుల్చుకోవడానికి వీడియోను కుదించే ఎన్‌కోడర్‌కు ఏమీ దొరకదు. రేంజ్‌ను సెకండ్లకు మార్చి ఆ అర నిమిషాన్నే ఎన్‌కోడ్ చేసి చూడండి. నాణ్యతను నిర్ణయించే ఆర్ఎఫ్ అంకెను 20తో మొదలుపెట్టండి, గింజలు పిండిముద్దలా కలిసిపోతే 18కి దించండి. ఈ అంకె తగ్గేకొద్దీ నాణ్యత, సైజు రెండూ పెరుగుతాయి. డిస్క్‌లోనే ముద్దగా ఉంటే మాత్రం ఏ అంకె పెట్టినా గింజలు తిరిగి రావు. డీవీడీలో వీడియోకు 9.8 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) దాకా వాడుకోవచ్చు, 4.7 జీబీ డిస్క్‌లో మూడు గంటలు కుక్కితే దక్కేది 3.4 చిల్లర, అందులోనే ఆడియో కూడా. రెండో డిస్క్ ఖర్చు మిగుల్చుకున్న పాపం అది.

కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) విషయంలో ఊగిసలాట అక్కర్లేదు: ఎంపీ4లో హెచ్.264, 8 బిట్, హై ప్రొఫైల్, లెవెల్ 4.0, ఆడియో ఏఏసీ స్టీరియో 160 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు). హెచ్.265 అంతే నాణ్యతను తక్కువ సైజులో ఇచ్చేది నిజమే, కానీ 2013లో వచ్చిన ఆ కోడెక్ చాలా పాత ఎల్ఈడీ టీవీలకు తెలియదు. సన్నాయి వినిపిస్తుంది, తెర నల్లగా ఉంటుంది. ఏవీ1 ఇంకా కొత్తది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు. సైజు ముందే తెలియాలంటే ఆర్ఎఫ్ వదిలి సగటు బిట్‌రేట్ 2000 కేబీపీఎస్, రెండు పాస్‌లు పెట్టండి. మూడు గంటల పెండ్లి 2.9 జీబీలో సర్దుకుంటుంది.

తిరిగి డిస్క్ చేయడం మాత్రం హ్యాండ్‌బ్రేక్‌తో కాదు. ఎంపీ4ను డిస్క్‌లోకి రాస్తే అది డేటా డిస్క్ అవుతుంది, పాత ప్లేయర్ తిప్పదు. అత్తగారింటికి డీవీడీయే కావాలంటే ఉచితంగా దొరికే డీవీడీ స్టైలర్ అనే సాఫ్ట్‌వేర్ పట్టాలి: పాల్, ఎంపెగ్-2, ఆడియో ఏసీ-3. రెండు గంటల దాకా 5 ఎంబీపీఎస్ లోపు పెడితే ఒక డిస్క్‌లో పడుతుంది, అంతకు మించితే రెండో డిస్క్ కొనండి.