1966 కార్వెట్ స్టింగ్ రే: ఎనిమిదేళ్ళు, 11,000 మైళ్ళు నడిపాక

డెట్రాయిట్ పక్కన నోవైలో ఉంటాను. మా 1966 కార్వెట్ స్టింగ్ రే కూపే (జనరల్ మోటార్స్ వాళ్ళ షెవ్రోలే స్పోర్ట్స్ కారు) ఇంటికొచ్చి ఎనిమిదేళ్ళు దాటింది. నేను కొనకముందే పాత యజమాని బాడీని ఛాసిస్ మీంచి పైకి లేపించి, ప్రతి బోల్టూ విప్పించి, ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉండేదో అలా చేయించాడు. ఆ తర్వాత దాదాపు నడపలేదు. ట్రెయిలర్ మీద ప్రదర్శనలకు తీసుకెళ్ళి, ట్రెయిలర్ మీదే వెనక్కి తెచ్చుకునేవాడు. నేను మాత్రం చలికాలం మంచు కరగడానికి ఉప్పు చల్లిన రోడ్డు తప్ప ఏ రోడ్డయినా నడుపుతున్నాను. ఈ కారుకు ఏది మేలో నాకు మొదట నేర్పింది బ్రేకులు.

కొన్న రెండో ఏడు, ఏప్రిల్‌లో, చలికాలమంతా గరాజ్‌లో పడుకున్న కారును బయటికి తీశాను. మా వీధి చివర స్టాప్ సైన్ దగ్గర పెడల్ తొక్కితే మెత్తగా నేలదాకా దిగిపోయింది. రెండుమూడుసార్లు గబగబా తొక్కితే ఎలాగో ఆగింది. జాకీ వేసి చూస్తే వెనక టైరు లోపలి వైపు బ్రేక్ ఆయిల్ చారలు కట్టి ఉంది. 1965 నుంచి కార్వెట్‌కు నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులిచ్చారు, డిస్క్‌ను పట్టి ఆపే ఒక్కో కాలిపర్‌లో నాలుగేసి పిస్టన్లు. ఆ రోజుల్లో అది గొప్ప సంగతే. కానీ ఆ కాలిపర్లు పోత ఇనుము. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, కారు కదలకుండా ఉంటే పిస్టన్ చుట్టూ తుప్పు చిన్న చిన్న గుంటలు పెడుతుంది, సీలు ఆ గుంటల మీద కూర్చుని కారుతుంది. పైగా పవర్ బ్రేకులు లేని నా కారుకు, పెడల్ ఒత్తిడిని చక్రాలకు పంపే మాస్టర్ సిలిండర్‌లో ఒకటే అర. ఎక్కడ కారినా నాలుగు చక్రాల బ్రేకూ పోయినట్టే. రెండు అరల సిలిండర్ అన్ని కార్వెట్లకూ 1967లో వచ్చింది.

నాలుగు కాలిపర్లకూ లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవ్‌లు (తొడుగులు) వేయించాను. బయటికి చూస్తే ఏ తేడా తెలియదు. అప్పటినుంచి చుక్క కారలేదు. ఈ కారు కొనేవాళ్ళు పెయింట్ చూసే ముందు చక్రాల వెనక టార్చి వేసి చూడండి.

నడక సంగతికొస్తే, 327 క్యూబిక్ అంగుళాల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్), 300 హార్స్‌పవర్, నాలుగు గేర్లు. సీట్లో కూర్చుంటే బానెట్‌కు రెండు పక్కలా ఫెండర్లు గుట్టల్లా లేచి కనిపిస్తాయి. మలుపులో ఆ గుట్టను చూసుకునే కారును పెట్టుకుంటాను. మూడో గేర్లో తక్కువ స్పీడులో వెళ్తూ కాలు కొంచెం నొక్కితే చాలు, గొడవ చేయకుండా బరువుగా లాగుతుంది. ఆ లాగుడు కోసమే ఆదివారం పొద్దున్నే లేస్తాను. పవర్ స్టీరింగ్ లేదు, పార్కింగ్‌లో భుజాలు నొప్పెడతాయి. ఎండాకాలం కాళ్ళ దగ్గర వేడి భరించడం కష్టం. డిక్కీకి బయట మూతే లేదు, సామాను సీట్ల వెనకనుంచి లోపలికి తోయాలి. గాలన్‌కు పద్నాలుగు మైళ్ళు ఇస్తే మంచి రోజు.

నాలుగేళ్ళ కిందట నాన్న మా ఇంటికి వచ్చారు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లారీ కమాన్లు (బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు) కట్టిన మనిషి. మెరిసే నీలం రంగు ఆయన్ని పెద్దగా ఆకట్టుకోలేదు. వెనక వంగి కిందికి చూసి, "ఏరా, కమాను అడ్డంగా పెట్టారేంటి?" అన్నారు. నిజమే. లారీకి పొడుగునా, పక్కకొక కట్ట ఉంటుంది. దీనికి రెండు వెనక చక్రాలకూ కలిపి అడ్డంగా ఒకటే కట్ట, తొమ్మిది పట్టీలు. మధ్యలో డిఫరెన్షియల్ కింద బోల్టులతో బిగించి ఉంటుంది. రెండు కొసలూ పొడుగాటి బోల్టులతో, రబ్బరు బుష్‌ల మీద, చక్రాలను పట్టి ఉంచే చేతులకు (ట్రెయిలింగ్ ఆర్మ్‌లకు) వేలాడతాయి. ఒక చక్రం గుంటలో పడితే రెండోది తన దారిన తాను పోతుంది. నాన్న పట్టీలు లెక్కపెట్టి, కొసన ఉన్న రబ్బరు నొక్కి చూసి, "తెలివైనోడు కట్టాడు" అన్నారు.

ఆ తెలివైనవాడు జనరల్ మోటార్స్ ఇంజనీరు జోరా అర్కస్-డంటోవ్. మొదటి కార్వెట్ 1953 జూన్ 30న ఫ్లింట్‌లో తయారైంది. ఆ ఏడు చేసినవి 300, అన్నీ తెలుపే, లోపల ఎరుపు. చూడ్డానికి స్పోర్ట్స్ కారు, లోపల మాత్రం ఆరు సిలిండర్ల ఇంజిన్, రెండే గేర్ల ఆటోమేటిక్. న్యూయార్క్ ప్రదర్శనలో దాని నమూనాను చూసి జనరల్ మోటార్స్‌లో చేరిన డంటోవ్, పేరుకు తగ్గ కారుగా మార్చడానికి పదేళ్ళు పట్టుబట్టాడు. 1963 స్టింగ్ రేకు కంపెనీ డిజైన్ అధిపతి బిల్ మిచెల్ నాయకత్వంలో లారీ షినోడా రూపమిస్తే, కింద ఈ వెనక సస్పెన్షన్ డంటోవ్ జట్టుది. ఆ ఏడాది కూపే వెనక అద్దాన్ని రెండుగా చీల్చిన నడిమి పట్టీ డంటోవ్‌కు నచ్చలేదు, వెనక కనపడదని. 1964లో అది పోయింది. అద్దంలో వెనక చూసుకునే ప్రతిసారీ నాకు ఆయన పక్షమే సరైనదనిపిస్తుంది.

పునరుద్ధరణ పనితనం గురించి కొంచెం చెప్పాలి. నా కారు ఛాసిస్ మీద బాడీ మౌంట్ల (బాడీని బిగించే చోట్ల) దగ్గర గ్రీజు పెన్సిల్‌తో అంకెలు రాసి ఉన్నాయి. ఎక్కడ ఎన్ని షిమ్‌లు (సందు సర్దే పలుచటి రేకులు) వేయాలో సెయింట్ లూయీ ఫ్యాక్టరీలో పనివాడు రాసుకున్న లెక్క అది. పాత గుర్తును ఫొటో తీసుకుని, రంగు వేశాక అదే చోట మళ్ళీ రాశారు. ఎవరికీ కనపడని చోట! ఆ శ్రద్ధకు నేను చెయ్యెత్తి దణ్ణం పెడతాను. పెయింట్ విషయంలో మాత్రం నాకు పేచీ ఉంది. ఫ్యాక్టరీలో వేసింది లాకర్ అనే పాతరకం పెయింట్, అంచుల దగ్గర కొంచెం మబ్బుగా, నారింజ తొక్కలా సన్నటి గరుకుతో ఉండేది. నా కారుకు వేసింది కొత్త రకం క్లియర్ కోటు (రంగు మీద వేసే పారదర్శక పూత), గాజులా ఉంది. చూసినవాళ్ళు మెచ్చుకుంటారు గానీ 1966లో ఏ కార్వెట్టూ ఇలా మెరవలేదు.

ఫైబర్‌గ్లాస్ బాడీకి తుప్పు పట్టదని నమ్మి మోసపోకండి. ముందు అద్దం చుట్టూ, తలుపుల చుట్టూ లోపల ఉక్కు పంజరం ఉంటుంది, అది నిశ్శబ్దంగా తినేసుకుపోతుంది. ఇంజిన్ మీద కారు సీరియల్ నంబరు చివరి అంకెలు కొట్టి ఉంటాయి, అది కారుతో వచ్చిన ఇంజినేనా అని చూసేది వాటినిబట్టే. అంకెలు సరిపోవడం ఒక్కటే చాలదు, వాటి కింద మిషనింగ్ వదిలిన సన్నటి సమాంతర గీతలు ఉండాలి. ఆ చోటు నున్నగా ఉంటే ఎవరో అరగదీసి కొత్తగా కొట్టారేమోనని అనుమానించండి.

మూడేళ్ళ కిందట ఈ కారులోనే కెంటకీలోని బౌలింగ్ గ్రీన్‌లో ఉన్న కార్వెట్ మ్యూజియానికి వెళ్ళొచ్చాం. డంటోవ్ చితాభస్మం అక్కడే ఉంది. 2014 ఫిబ్రవరిలో ఆ మ్యూజియం నేల కుంగి ఎనిమిది కార్వెట్లు గుంతలో పడ్డాయి. మూడింటిని బాగుచేశారు, మిగతా ఐదింటిని నలిగినవి నలిగినట్టే ఉంచారు. ఆ ఐదింటి ముందే నేను ఎక్కువసేపు నిలబడ్డాను. తిరిగొచ్చేటప్పుడు వాన పట్టుకుంది. వైపర్లు నెమ్మదిగా కదిలాయి, ఇంజిన్ మాత్రం ఒక్కసారీ తొట్రుపడలేదు.

ఇప్పుడు కుడి వెనక చక్రం దగ్గర సన్నటి మూలుగు వస్తోంది. బేరింగ్. గ్రీజు కొట్టడానికి దానికి నిపుల్ లేదు, చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యిని మొత్తం దించి ప్రెస్ మీద విప్పాలి. ఈ చలికాలం పని అదే. నాన్నకు వీడియో కాల్‌లో ఆ చప్పుడు వినిపించాను. "రెండు పక్కలా మార్చరా, ఒకటే మార్చకు" అన్నారు. రెండు పక్కలకీ ఆర్డర్ పెట్టాను.