ఆరేళ్లు ఆంకి వాడాక, ఒక కెమిస్టు మాట

ల్యాబ్‌లో నాకు అవసరమైన ఒక తయారీ పద్ధతి పాత జర్మన్ పేపర్‌లో మాత్రమే దొరికింది, అక్కడ మొదలైంది ఇదంతా. ఒకప్పుడు ఆర్గానిక్ కెమిస్ట్రీలో ముఖ్యమైన పని చాలావరకు జర్మన్‌లోనే అచ్చయ్యేది, కర్బన సమ్మేళనాల సమాచారమంతా పోగుచేసిన బైల్‌ష్టైన్ హ్యాండ్‌బుక్ కూడా దశాబ్దాల పాటు ఆ భాషలోనే వచ్చింది. అనువాదం చేసిపెట్టే యాప్‌లు ఉన్నాయి నిజమే, కానీ ఎన్ని డిగ్రీల దగ్గర ఏం కలపాలో ఇంకొకరి మాట మీద నమ్మి ఫ్లాస్కు వేడి చేయడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే ఆంకితో జర్మన్ నేర్చుకోవడం మొదలుపెట్టాను.

ఆంకి తెలియని వాళ్లకి: 2006లో డేమియన్ ఎల్మ్స్ తయారుచేసిన ఫ్లాష్‌కార్డుల ప్రోగ్రామ్. జపనీస్‌లో ఆ మాటకి కంఠస్థం చేయడం అని అర్థం. గుర్తొచ్చిన కార్డు కొన్ని రోజులకి, తర్వాత కొన్ని వారాలకి, ఆపైన నెలలకి మళ్లీ కనిపిస్తుంది, మర్చిపోతే మొదటికొస్తుంది. దీని వెనకున్న సంగతి నాకు భలే నచ్చింది. 1885లో ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త అర్థంలేని అక్షరాల వరసలు తనే బట్టీపట్టి, మళ్లీ నేర్చుకునేటప్పుడు ఎంత శ్రమ కలిసొస్తుందో కొలిచాడు: గంట తర్వాత 44 శాతం, రోజు తర్వాత 34, నెల తర్వాత 21. మా కెమిస్టులకి అలవాటైన ఫస్ట్ ఆర్డర్ లెక్క (ఇంత సమయానికి ఉన్నదాంట్లో సగం చొప్పున తగ్గుతూ పోవడం) ప్రకారం సగం పోవడానికి గంట పడితే మర్నాటికి ఏమీ మిగలకూడదు. ఇక్కడ అలా కాదు, మరుపు మొదట్లో వేగంగా ఉండి పోను పోను నెమ్మదిస్తుంది. ఈ అంకెలు చూశాకే గ్యాప్ పెంచుకుంటూ పోతే ఏమవుతుందోనన్న భయం పోయింది.

మొదటి ఏడాది మాత్రం వృథా. ఎవరో చేసిపెట్టిన నాలుగు వేల పదాల డెక్ (కార్డుల కట్ట) దించుకుని రోజుకి ఇరవై కొత్త కార్డులు పెట్టుకున్నాను, రెండు నెలలు తిరిగేసరికి రోజూ రెండు వందల రివ్యూలు మీదపడి పొద్దున్నే టెన్షన్. అందులో ఔస్‌ఫాలెన్ అనే క్రియ ఉండేది, అర్థం 'రద్దు కావడం'. ఎనిమిదిసార్లు తప్పితే ఆంకి ఆ కార్డుకి లీచ్, అంటే జలగ, అని ముద్రవేస్తుంది, సెట్టింగ్‌ని బట్టి పక్కన కూడా పెట్టేస్తుంది. ఇది సరిగ్గా అలాగే పోయింది.

కొన్ని నెలల తర్వాత ఆ పాత పేపర్ ముందు పెట్టుకుని రీక్రిస్టలైజేషన్ చేస్తున్నాను, అంటే పదార్థాన్ని వేడి ద్రావణంలో కరిగించి, చల్లార్చి, శుద్ధమైన స్ఫటికాలుగా రాబట్టడం. ద్రావణం చల్లారినా ఏమీ రాలేదు. గాజు కడ్డీతో ఫ్లాస్కు లోపలి గోడని మెల్లగా గీశాను, గీసిన చోట సన్నటి తెల్లటి చార ఒకటి కనిపించింది, దాని నుంచి సూదుల్లాంటి స్ఫటికాలు చూస్తుండగానే కిందికి దిగడం మొదలుపెట్టాయి. పేపర్‌లో ఆ చోట ఉన్న క్రియ ఔస్‌ఫాలెనే! ద్రావణం లోంచి బయటికి పడటం. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు కార్డు చేసుకున్నాను, ఆ తర్వాత ఒక్కసారి కూడా తప్పలేదు, క్లాసో రైలో రద్దయినప్పుడు అదే మాట ఎందుకు వాడతారో కూడా దానితోపాటే అర్థమైంది. మొన్న గుడ్ (గుర్తుంది అనే బటన్) నొక్కితే మళ్లీ రెండున్నరేళ్లకి చూపిస్తానంది.

అందుకే ఎవరడిగినా మీ కార్డులు మీరే రాసుకోండి అంటాను. అలా రాసుకుంటే మాటల వెనకున్న సంగతీ పట్టుబడుతుంది. ఉదాహరణకి ఆక్సిజన్‌ని జర్మన్‌లో జావర్‌ష్టోఫ్ అంటారు, పుల్లటి పదార్థం అని. మన ఆమ్లజనిలో ఉన్నదీ అదే ఊహ. ఆమ్లాలన్నిటిలో ఆక్సిజన్ ఉంటుందని ఫ్రెంచ్ కెమిస్టు లవోయిజియే అనుకున్నాడు, 1810లో ఇంగ్లీషు కెమిస్టు డేవీ క్లోరిన్ మూలకమని తేల్చి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని చెప్పేసరికి ఆ ఊహ తప్పని తేలింది, పేర్లు మాత్రం రెండు భాషల్లోనూ ఉండిపోయాయి. వాసర్‌ష్టోఫ్ మన ఉదజని. నత్రజని దగ్గర మాత్రం దారులు వేరు, మనది నత్రం నుంచి వచ్చింది, వాళ్ల ష్టిక్‌ష్టోఫ్‌లో ఊపిరాడనివ్వని పదార్థమన్న అర్థం ఉంది. సమాసంలో చివరి పదం లింగమే మొత్తానికీ వర్తిస్తుంది కాబట్టి ష్టోఫ్‌తో ముగిసేవన్నీ పుంలింగాలే, అన్నిటికీ ఒక్క కార్డు చాలు.

బటన్ల విషయంలో జాగ్రత్త. కార్డు చూశాక ఎగైన్ (మర్చిపోయాను), హార్డ్, గుడ్, ఈజీల్లో ఒకటి నొక్కాలి. మర్చిపోయిన కార్డుకి కూడా నేను రెండేళ్లు హార్డ్ నొక్కాను. హార్డ్ అంటే కష్టమ్మీద గుర్తొచ్చిందని, అది పాస్ కిందే లెక్క. 2023 చివర్లో ఆంకిలోకి వచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే కొత్త లెక్కల పద్ధతి మన పాత జవాబుల్ని చూసే గ్యాప్‌లు లెక్కగడుతుంది, అక్కడ తప్పుడు డేటా ఇస్తే లెక్కా తప్పుతుంది. ఇప్పుడు ఎగైన్, గుడ్ తప్ప వేరేవి ముట్టను.

రోజుకి పావుగంట, రియాక్షన్ తిరుగుతున్నప్పుడు, గ్లోవ్స్ తీసి చేతులు కడుక్కుని గది బయటికి వచ్చాకే. ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగోలేక మూడు వారాలు తెరవలేదు, తిరిగొచ్చేసరికి తొమ్మిది వందల కార్డులు. కొత్తవి ఆపేసి రోజుకి అరవై చొప్పున తీర్చాను, మానేయాలనిపించలేదు.

మాట్లాడటం మాత్రం దీనితో రాలేదు. నాలుగో ఏట ఒక జర్మన్ సహోద్యోగి మామూలుగా పలకరిస్తే పదాలన్నీ తెలిసినవే, నోరు పెగల్లేదు. అప్పటి నుంచి వారానికి రెండు గంటలు ఆమెతో జర్మన్‌లోనే మాట్లాడుతున్నాను, తడబడిన వాక్యాల్లోంచి మూడో నాలుగో ఆ సాయంత్రమే కార్డుల్లోకి ఎక్కిస్తాను.