మతేరా గుహ హోటళ్లు: గది ఎంచుకునే ముందు

ఇటలీ దక్షిణాన, బసిలికాతా ప్రాంతంలోని మతేరా పట్టణంలో గుహ హోటల్ వెతికేవారికి మొదట ఎదురయ్యే చిక్కు, ఫొటోలలో అన్ని గదులూ ఒకే తీరుగా కనిపించడం. తేనెరంగు రాతి గోడ, తెల్లని పరుపు, గోడ గూటిలో దీపం, మూలన స్నానపు తొట్టి. చౌక గదిలోనూ ఇవే ఉంటాయి, దానికి నాలుగింతల ధర పలికే గదిలోనూ ఇవే ఉంటాయి. అందుచేత ఏదో ఒక హోటల్‌ను ఆకాశానికి ఎత్తడం కంటే, ఏ గది ఎవరికి సరిపడుతుందో చెప్పడమే ఈ సమీక్షలో నాకు ముఖ్యమనిపించింది. నా అభిప్రాయం ముందే చెబుతాను: కొండలోకి పూర్తిగా చొచ్చుకుపోయిన గది కంటే ముందు సగం కట్టడం, వెనుక సగం గుహ అయిన గది మేలు. ఆ గది తలుపు ఏ దిక్కుకు తెరుచుకుంటుందన్నది హోటల్‌కు ఎన్ని నక్షత్రాలున్నాయన్న దానికంటే ఎక్కువగా పట్టించుకోవలసిన సంగతి.

దీనికి కారణం ఆ ఊరి నిర్మాణంలోనే ఉంది. గ్రావినా అనే లోతైన లోయ అంచున, సులువుగా తొలవడానికి వీలయ్యే మెత్తని సున్నపురాతిలో పాత మతేరా వెలసింది. తొలిచిన రాతినే దిమ్మెలుగా కోసి, గుహ నోటికి ముందు కమాను కప్పుతో మరో గది కట్టేవారు. దాన్ని అక్కడివాళ్లు లమియోనే అంటారు. నేటి హోటళ్లలో చాలా గదులు ఈ రెండూ కలిసినవే. ముందు గదికి కిటికీ ఉంటుంది, కప్పు ఎత్తుగా ఉంటుంది, గాలి ఆడుతుంది. వెనుక గుహలో ఇవేవీ ఉండవు. మంచం ఏ భాగంలో వేశారన్న ఒక్క విషయం మీద మీ నిద్ర ఆధారపడి ఉంటుంది కనుక, బుక్ చేసే ముందు మంచం దగ్గర నుంచి తలుపు వైపు తీసిన ఫొటో ఒకటి పంపమని హోటల్‌వారిని అడగడం మంచిది. సాధారణంగా వెబ్‌సైట్లలో పెట్టేది తలుపు దగ్గర నిలబడి మంచం వైపు తీసిన ఫొటో. అందులో కిటికీ ఉందో లేదో ఎంత చూసినా తేలదు.

ఆ రాయికి నీటిని పీల్చుకునే గుణం ఉంది. ఎంత ఖర్చు పెట్టి బాగుచేసినా ఆ చెమ్మ పూర్తిగా పోదు. మేము దిగినది పాత పట్టణంలో దక్షిణ భాగమైన కవెయోసో వైపున్న ఒక చిన్న బస. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. రాత్రి ఆరవేసిన తువ్వాలు తెల్లవారేసరికి తడిగానే ఉంది, పెట్టె అడుగున ఉన్న నూలు బట్టలు చల్లగా మెత్తబడ్డాయి. తేమను లాగే యంత్రం మంచం కిందనే పెట్టారు; అది అరగంటకోసారి మొదలై, కాసేపు రొద పెట్టి ఆగుతుంది. దాన్ని ఆపేస్తే నిద్ర పడుతుంది గాని పొద్దుటికి దుప్పటి బరువెక్కుతుంది. గోడకు ఆనుకుని కూర్చున్న నా నల్ల చొక్కా వీపు నిండా తెల్లని పొడి అంటుకుంది. ఇవేవీ పెద్ద లోపాలని నేను అనను, తొలిచిన రాయి స్వభావమే అంత. అయితే ఉబ్బసం ఉన్నవారు, బూజు వాసన పడనివారు పూర్తి గుహ గదికి దూరంగా ఉండాలి. నేల కింద వేడినిచ్చే గొట్టాలు అమర్చారా, తేమ యంత్రం గదిలోనే ఉంటుందా అన్న రెండు ప్రశ్నలకు సూటిగా జవాబివ్వని హోటల్‌ను నేనైతే పక్కన పెడతాను. జూలై ఎండల్లో మాత్రం ఇదే రాయి వరంగా తోస్తుంది. బయట మంట పుడుతున్నా లోపల ఏసీ అవసరం అంతగా కనిపించదు.

ఇక ఊరిలో ఏ వైపు దిగాలన్న ప్రశ్న. పాత పట్టణం రెండు పెద్ద గిన్నెల్లాంటి పల్లాలుగా ఉంటుంది: ఉత్తరాన సాస్సో బరిసానో, దక్షిణాన సాస్సో కవెయోసో. రెండింటి నడుమ గుట్ట మీద 13వ శతాబ్దపు కతీడ్రల్ ఉన్న భాగం చీవిత. బరిసానోలో రాతి ముఖద్వారాలున్న ఇళ్లు, భోజనశాలలు, దుకాణాలు ఎక్కువ. వయా ఫియోరెంతీని వీధి దీనికి నడుమగా సాగుతుంది. రాకపోకలకు ఇదే వీలైన వైపు. కవెయోసోలో గుహలు గుహలుగానే కనిపిస్తాయి. ఎదురుగా లోయ, లోయకు అవతల ముర్జ పీఠభూమి, దాని అంచున రాతిలో తొలిచిన పాత చర్చిల నల్లని నోళ్లు. చీవితలో లోయ వైపు తెరుచుకునే గదులకు ఉదయపు ఎండ నేరుగా తలుపులోకి వస్తుంది. గుహ గదికి అంతకు మించిన సౌకర్యం లేదని నా నమ్మకం. పైన, చదునుగా ఉన్న కొత్త పట్టణాన్ని పియానో అంటారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారితో వెళ్లేవారు పట్టుదలకు పోకుండా అక్కడే దిగి, పగటిపూట సాస్సీలలో, అంటే ఆ రెండు పల్లాలలో, తిరిగి రావడం ఉత్తమం. ఎందుకంటే సాస్సీలలో ఏ చిరునామాకు చేరాలన్నా మెట్లు తప్పవు. ఆ మెట్లు అరిగి నునుపుదేరి, వాన పడితే జారుతాయి. బయటివారి కార్ల మీద ఆంక్షలున్నాయి కాబట్టి చక్రాల పెట్టె చివరకు భుజానికే ఎక్కుతుంది. సామాను మోసిపెట్టే మనిషిని పంపుతారేమో ముందే కనుక్కోండి.

పేరున్న హోటళ్లలో ఎక్కువగా వినిపించేది చీవితలోని సెక్స్‌తాంతియో. మధ్య ఇటలీలోని అబ్రుత్సో కొండల్లో సాంతో స్తేఫనో ది సెస్సానియో అనే పల్లెలో పాడుబడిన ఇళ్లను హోటల్‌గా మార్చిన దనియేలే కిల్‌గ్రెన్ ఆలోచనే ఇక్కడా అమలైంది. గోడలకు మెరుగులు దిద్దలేదు, టీవీ పెట్టలేదు, వెలుగు చాలావరకు కొవ్వొత్తులదే, ఉదయపు ఫలహారం ఒకప్పటి రాతి చర్చిలో వడ్డిస్తారు. అందం విషయంలో దీనికి సాటి రాగలవి తక్కువ. అయితే స్నానపు తొట్టి, పడక ఒకే విశాలమైన గుహలో ఉండడం కొత్త దంపతులకు బాగుంటుంది గాని, తల్లిదండ్రులతో కలిసి వెళ్లేవారికి కాదు. బరిసానోలోని లొకాండా ది సాన్ మార్తీనోలో భూగర్భంలో రోమన్ పద్ధతి స్నానశాల ఉంది. కవెయోసోలో సాన్ పియెత్రో చర్చి ఎదుట సాంత్ ఆంజెలో హోటల్ ఉంది. చర్చి, లోయ రెండూ గుమ్మం దాటగానే కనిపిస్తాయి. కతీడ్రల్ చౌకులోని పలాత్సో గత్తీని పాత ప్రభువుల భవనం. మతేరాలో ఉండాలి గాని గుహలో పడుకోనక్కరలేదనుకునే డబ్బున్నవారికి అది సరిపోతుంది.

ఈ విలాసం గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఇవే గుహల్లో 1950ల దాకా పెద్ద పెద్ద కుటుంబాలు గాడిదలతో, కోళ్లతో కలిసి ఒకే గదిలో బతికాయి. మలేరియా, పసిపిల్లల చావులు మామూలైపోయాయి. 1950లో ఇటలీ ప్రధాని దె గాస్పెరి వచ్చి చూసి వెళ్లిన తరువాత, 1952లో చట్టం చేసి సుమారు 15,000 మందిని కొత్త కాలనీలకు తరలించారు. ఖాళీ అయిన గుహలు చాలాకాలం పాడుబడి, 1986 నాటి మరో చట్టంతో మరమ్మతులకు నోచుకున్నాయి. 1993లో యునెస్కో గుర్తింపు, 2019లో ఐరోపా సాంస్కృతిక రాజధాని హోదా వచ్చాయి. అందుకే హోటల్‌లో దిగిన రోజే వికో సొలితారియోలోని కాసా గ్రొత్తా చూసి రమ్మంటాను. నాటి ఇంటి సామానుతో ఉంచిన ఆ ఒక్క గుహలో మంచం పక్కనే పశువుల కొట్టం ఉంటుంది. అది చూశాక, పశువులను కట్టిన మూలకు "అనుభవ సూట్" అని పేరు పెట్టి ఎక్కువ వసూలు చేసే హోటల్ కంటే, తమ గది ఒకప్పుడు ఎవరిదో, ఎలా ఉండేదో నిజాయితీగా చెప్పే హోటల్ మీద గౌరవం కలుగుతుంది.

ఫలహారంలో మతేరా రొట్టె ఉందో లేదో అడగండి. గట్టి గోధుమల రవ్వతో కాల్చిన ఆ రొట్టె పైపెచ్చు మందంగా, లోపల పసుపుగా ఉండి రోజుల తరబడి నిలవుంటుంది. శాకాహారులకు ఈ ప్రాంతం అనుకున్నంత కష్టం కాదు. పప్పుగింజలు, గోధుమలు కలిపి ఉడికించే క్రపియాతా అనే పులుసు దొరుకుతుంది. ఎండబెట్టి నూనెలో వేయించే తీపి మిరపకాయలు, పెపెరోని క్రుస్కి, పాస్తా మీద కరకరలాడుతుంటే మన చల్ల మిరపకాయలు గుర్తుకొస్తాయి, కారం మాత్రం ఆశించవద్దు. ఆకుకూర పాస్తాలో ఆంకోవీ చేప వేసే అలవాటు ఉంది కనుక అడిగి తినాలి.

విమానంలో బారీ నగరానికి వచ్చి, అక్కడి నుంచి అప్పులో లుకానే అనే రైల్వే సంస్థ వారి చిన్న రైలులో మతేరా చేరవచ్చు. ఆదివారపు వేళలు వేరుగా ఉంటాయి, ముందే చూసుకోవాలి. షెంగెన్ వీసాకు బస బుకింగ్ చూపవలసి ఉంటుంది కాబట్టి, ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గదినే తీసుకోండి. జూలై 2న బ్రూనా మాత ఉత్సవం జరుగుతుంది. కాగితపు గుజ్జుతో చేసిన రథాన్ని ఊరేగించి, చివరకు జనమే మీదపడి ముక్కలు చేస్తారు, ఆపైన బాణసంచా. ఆ తేదీకి గదులు ముందుగానే నిండిపోతాయి. ఉత్సవం చూసి వచ్చి కాస్త నిద్ర కూడా కావాలనుకునేవారికి ఆ ఒక్క రాత్రికి మాత్రం, పైన చెప్పినదంతా పక్కన పెట్టి, కిటికీ లేని లోతైన గుహ గదినే తీసుకోమంటాను.