రాత్రి ఆగడానికి చోటున్న ఆటలు

రెండేళ్ళుగా నేను ఒక్క రాత్రి కూడా ఇల్లు వదిలి ఉండలేదు. అమ్మకి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. అప్పటినుంచి ఆమెను ఒంటరిగా వదిలి వెళ్ళలేని పరిస్థితి. అంతకుముందు రెండు సెలవులు కలిసొస్తే చాలు, బ్యాగు సర్దేసేదాన్ని. ఇప్పుడు అమ్మ మంచం పక్కనే కంప్యూటర్ పెట్టుకుని, ఆమె కునుకు తీసే వేళల్లో తిరుగుతున్నాను. డిజిటల్ స్టోర్లలో కొన్న ఆటలు చాలానే ఉన్నా, నిజంగా ఒక చోటికి వెళ్ళొచ్చినట్టు అనిపించినవి కొన్నే. వాటి గురించి ప్రయాణం చేసొచ్చిన మనిషి చెప్పినట్టే చెప్తాను: దారి ఎలా ఉంది, బస ఎలా ఉంది, టికెట్ కొన్నచోట సర్వీసు ఎలా ఉంది.

నాకు ఒక కొలత ఉంది. బొమ్మల అందం మొదటి గంటలోనే కంటికి అలవాటైపోతుంది. పొద్దుగూకాక ఆ ఆట నన్ను ఎక్కడ పడుకోనిస్తుంది, ఆ పడకకి ఏమైనా విలువ ఉందా అని చూస్తాను. బస గురించి ఆలోచించినవాళ్ళు దారి గురించి కూడా ఆలోచించే ఉంటారు.

ఆ లెక్కన నేను మొదట కొనమని చెప్పేది 'కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్'. వార్‌హార్స్ స్టూడియోస్ 2018లో విడుదల చేసింది. కాలం 1403, చోటు బొహీమియా. మాయలూ మంత్రాలూ డ్రాగన్లూ ఉండవు. మనం హెన్రీ అనే కమ్మరి కొడుకు. అందులోని రటాయ్ పట్నం, ససావ్ మఠం నేటి చెక్ దేశంలో నిజంగా ఉన్న ఊళ్ళే. సజావా నది పక్కన గుర్రం మీద వెళ్తుంటే పొలాలు, పొదలు, మట్టి దారులు ఎక్కడా ఆట కోసం పెట్టినట్టు అనిపించవు.

ఇక బస సంగతి. ఈ ఆటలో ఆడినంతవరకూ దాచుకోవడం, అంటే సేవ్ చేయడం, ఎప్పుడంటే అప్పుడు కుదరదు. సేవియర్ ష్నాప్స్ అనే మందు తాగాలి, లేదా సొంత పడక మీదో, పూటకూళ్ళ ఇంట్లో అద్దెకి తీసుకున్న పడక మీదో పడుకోవాలి. దాంతో సాయంత్రం అవుతుంటే నిజంగానే టెన్షన్ మొదలవుతుంది. అడవిలో చీకటి పడితే కాగడా వెలిగించుకుని వెతుక్కుంటూ వెళ్ళి, దూరంగా ఒక కిటికీలో వెలుగు కనిపించినప్పుడు కలిగే ఊరట నాకు ఇంకే ఆటలోనూ దొరకలేదు. స్నానశాలలు కూడా ఉన్నాయి. ఒళ్ళు, బట్టలు మురికిగా ఉంటే ఎదుటివాళ్ళు మనతో మాట్లాడే తీరు మారిపోతుంది, కాబట్టి ఊళ్ళోకి రాగానే ముందు అక్కడికే వెళ్ళాలి. మొదటి కొన్ని గంటలు నెమ్మదిగా నడుస్తాయి, కత్తి తిప్పడం అంత తేలిగ్గా పట్టుబడదు. అక్కడే విసుగొచ్చి వదిలేసినవాళ్ళు ఉన్నారు. రటాయ్ చేరేదాకా ఓపిక పట్టండి. కంప్యూటర్ కొంచెం బలంగానే ఉండాలి, అది ముందే చూసుకోండి.

పడక అద్దె కట్టలేక తిప్పలు పడాలంటే 'డిస్కో ఎలీసియమ్'కి వెళ్ళాలి. 2019లో వచ్చింది. 'విర్లింగ్ ఇన్ ర్యాగ్స్' అనే హాస్టల్ గదిలో, పూర్తిగా మతి పోయిన పోలీసు డిటెక్టివ్‌గా కళ్ళు తెరుస్తాం. మెట్లు దిగగానే మేనేజరు గది పాడుచేసినందుకూ బసకీ కలిపి 130 రెయాల్ కట్టమంటాడు. ఆ తర్వాత రాత్రికి 20 చొప్పున. జేబులో చిల్లిగవ్వ ఉండదు. ఖాళీ సీసాలు ఏరి అమ్ముకుంటూ, అడగకూడనివాళ్ళని అప్పు అడుగుతూ ఆ డబ్బు కూడబెడుతుంటే రేవు పక్కనున్న ఆ పాత పేట మొత్తం మనకి తెలిసిపోతుంది. మనం నడుస్తుంటే గడియారం కదలదు, ఎవరితోనైనా మాట్లాడుతుంటేనో చదువుతుంటేనో కదులుతుంది. కొన్ని రోజులు గడిచాక నీళ్ళకి అవతలున్న జాలరి పల్లెలో ఒక గుడిసె ఉచితంగా దొరుకుతుంది. హాస్టల్ గది కంటే నాకు అదే నచ్చింది. చదవాల్సింది చాలా ఎక్కువ, అదీ చిక్కటి ఇంగ్లీషులో. చదవడం ఇష్టం లేనివాళ్ళకి నేను చెప్పను. ఇష్టమున్నవాళ్ళు మాత్రం సేల్ కోసం కూడా ఆగొద్దు. కొనేటప్పుడు 2021లో వచ్చిన 'ఫైనల్ కట్' అని చూసి కొనండి, అందులో పాత్రలన్నిటికీ గొంతులున్నాయి.

రాక్షసుల్ని వేటాడే మనిషి కథ 'ద విచర్ 3' గురించి అందరూ చెప్తారు కాబట్టి రెండు చోట్ల గురించే చెప్తాను. ఒకటి వెలెన్. యుద్ధం తొక్కేసిన చిత్తడి నేల, ఖాళీ గుడిసెలు, గాలికి ఊగే చెట్లు. అక్కడ రాత్రిపూట గుర్రం మీద వెళ్తుంటే హెడ్‌ఫోన్లు తీసేయాలనిపించింది. రెండోది టుసాన్. ఇది 2016లో వచ్చిన 'బ్లడ్ అండ్ వైన్' అనే అదనపు భాగంలో ఉంటుంది. వెలెన్ బురదంతా తొక్కి వచ్చినవాళ్ళకి ఎండ, ద్రాక్షతోటలు, రంగురంగుల కోటలు ఒక్కసారిగా కనిపిస్తాయి. అక్కడ మనకి 'కోర్వో బియాంకో' అనే ద్రాక్షతోట, అందులో ఒక ఇల్లు ఇస్తారు. ఆట అంతటా ఎవరి పంచనో తలదాచుకున్న మనిషికి చివరికి సొంత పడక దొరుకుతుంది. డబ్బు పెట్టి ఆ పడక, గుర్రపుశాల, మూలికల తోట బాగుచేయించుకోవచ్చు. నేను కథ పక్కన పెట్టి మూడు సాయంత్రాలు ఆ ఇంటి చుట్టూనే తిరిగాను. అందుకే ఈ ఆట కొంటే రెండు అదనపు భాగాలూ కలిసి ఉన్న 'కంప్లీట్ ఎడిషన్' కొనండి. ఒక చిట్కా: సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మూలనున్న చిన్న మ్యాప్ తీసేయండి. లేకపోతే దారి వదిలేసి దాన్నే చూస్తూ ఉంటాం.

'స్కైరిమ్' 2011 నవంబరులో వచ్చిన ఆట, ఇప్పుడు వయసు తెలుస్తోంది. అయినా మంచుతుఫానులోంచి వైట్‌రన్ పట్నం చేరి, 'బ్యానర్డ్ మేర్' అనే పూటకూళ్ళ ఇంట్లో 10 బంగారు నాణేలిచ్చి పడుకోవడం ఇంకా బాగుంది. పడుకుని లేస్తే కాసేపు విద్యలు త్వరగా పట్టుబడతాయి కూడా. 'స్టార్‌డ్యూ వ్యాలీ' చాలా మంచి ఆట. ఎరిక్ బారోన్ అనే ఒక్క మనిషి నాలుగేళ్ళకు పైగా కష్టపడి తయారుచేశాడు. కానీ అది ప్రయాణం కాదు, కాపురం. వేరే అవసరానికి కొనండి.

ఇక్కడ ఆగి స్టోర్ల గురించి చెప్పాలి, ఎందుకంటే ఆట ఎంత మంచిదైనా కొన్నచోటు సరిగ్గా లేకపోతే మనసు పాడవుతుంది. ఒక సాయంత్రం ఇంట్లో నెట్ పోయింది. అమ్మకి ఆ రోజు నొప్పి ఎక్కువగా ఉంది, నాకు పక్క నుంచి లేవడానికి లేదు. ఎప్పుడో డబ్బు పెట్టి కొన్న ఒక ఆట తెరిస్తే, సర్వర్‌కి కనెక్ట్ కావాలి అంటూ తెరుచుకోనే లేదు. ఒక్కడే ఆడుకునే ఆటకి సర్వర్‌తో పనేమిటి? అది నా డబ్బు, నా సాయంత్రం. ఆ రోజు నుంచి కొనేముందు నెట్ లేకుండా నడుస్తుందా అని వెతికి మరీ చూస్తున్నాను.

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన సర్వీసు గాగ్. 2008లో పాత ఆటలు అమ్మడానికి మొదలైన స్టోర్ ఇది. ఇక్కడ ఆటకి తాళం ఉండదు. ఇన్‌స్టాలర్ ఫైలు దించుకుని హార్డ్‌డిస్క్‌లో దాచుకుంటే ఎప్పటికైనా మనదే. కొన్న 30 రోజుల్లోపు డబ్బు వాపస్ అడగొచ్చు. పైన చెప్పిన కింగ్‌డమ్ కమ్, డిస్కో ఎలీసియమ్, విచర్ మూడూ అక్కడ దొరుకుతాయి.

స్టీమ్ 2003 నుంచి ఉంది, ఆటల సంఖ్యలో దానికి సాటి లేదు. కొని 14 రోజులు దాటకుండా, ఆడింది 2 గంటలలోపే అయితే డబ్బు వెనక్కి ఇస్తారు. ఈ రెండు గంటల్ని జాగ్రత్తగా వాడుకోవాలి. ఆట తెరిచి ఊరికే వదిలేస్తే ఆ సమయం కూడా లెక్కలోకి వస్తుంది. ముందు మీ కంప్యూటర్ మీద సాఫీగా నడుస్తుందో లేదో చూసుకోండి, కథలోకి ఆ తర్వాత వెళ్ళండి. రివ్యూల దగ్గర రాసినవాళ్ళు ఎన్ని గంటలు ఆడారో కనిపిస్తుంది. నేను నలభై గంటలు ఆడాక కూడా ఫిర్యాదు చేసినవాళ్ళ మాటే ముందు చదువుతాను. వాళ్ళకి ఆట మీద ప్రేమ ఉంటుంది, అందుకే లోపం సరిగ్గా చెప్తారు. తొందర లేని ఆటల్ని విష్‌లిస్ట్‌లో పెట్టుకుంటే ధర తగ్గినప్పుడు మెయిల్ వస్తుంది. ఎపిక్ స్టోర్‌లో ప్రతి వారం ఏదో ఒక ఆట ఉచితంగా ఇస్తారు, ఖాతా తెరిచి పెట్టుకోవడంలో నష్టమేమీ లేదు.

మళ్ళీ దారిలోకి వస్తే, మా ఇంట్లో అందరికంటే ఎక్కువ గంటలు తిరిగిన బండి 'యూరో ట్రక్ సిమ్యులేటర్ 2'. 2012లో ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ అనే చెక్ కంపెనీ తెచ్చింది, ఇప్పటికీ కొత్త దేశాలు కలుపుతూనే ఉంది. యూరప్ రోడ్లని చాలావరకు 19వ వంతుకి కుదించారు. సరుకు ఎక్కించుకుని బయలుదేరడం, చేర్చడం, అంతే. మొదట నాకూ ఇందులో ఏముందో అర్థం కాలేదు. కలే నుంచి డోవర్‌కి ఫెర్రీ దాటి, రోడ్డుకి ఎడమవైపుకి మారి, వానలో వైపర్లు వేసుకుని పోతున్నప్పుడు పక్క మంచం మీంచి అమ్మ "ఎక్కడిదాకా వచ్చావే?" అంది. అప్పటినుంచి రోజూ అడుగుతుంది. ఎర్ర లైటు నాకంటే ముందు ఆమే చూస్తుంది, ఎందుకంటే దాటితే జరిమానా పడుతుందని ఆమెకి తెలుసు.

బస విషయంలో ఇది నిజాయితీ గల ఆట. ఆగకుండా నడిపితే డ్రైవరు ఆవులిస్తాడు, కళ్ళు మూతలు పడతాయి, తెర నల్లబడుతుంది. రోడ్డు పక్క పార్కింగ్ వెతుక్కుని పడుకోవాల్సిందే. ఈ అలసటని సెట్టింగ్స్‌లో తీసేయొచ్చు, కానీ తీయొద్దు. అదనపు దేశాలు విడివిడిగా అమ్ముతారు. అన్నీ ఒకేసారి కొనడం దండగ. అసలు ఆటలో ఉన్న దేశాలే నెలల తరబడి సరిపోతాయి. ఒక్కటే కొనాలంటే 2015 నాటి స్కాండినేవియా కొనండి. నార్వేలో బెర్గెన్ వైపు వెళ్ళే దారి, ఒక పక్క నీళ్ళు, ఒక పక్క రాయి. అమ్మ ఆ దారి మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకుంది.

'ఫైర్‌వాచ్' కూడా ఇద్దరం కలిసి చూశాం. 1989 వేసవి, వయోమింగ్ అడవి, మంటలు కనిపిస్తాయేమోనని కావలి కాసే ఎత్తైన గది. చేతిలో మ్యాపు, దిక్సూచి, వాకీటాకీలో మన పై అధికారి డెలైలా గొంతు. నాలుగైదు గంటల్లో అయిపోతుంది. చివర తేలిపోయిందని చాలామంది అన్నారు. నాకు అలా అనిపించలేదు. ఒకరికి ఒకరు కనిపించకుండా మాట్లాడుకున్న ఇద్దరి కథ అంతకంటే గట్టిగా ముగిస్తే అబద్ధమయ్యేది. సాయంత్రం ఆ గదికి తిరిగొచ్చి మెట్లెక్కుతుంటే ఇంటికొచ్చినట్టే ఉంటుంది.

'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2'లో ఎక్కడైనా డేరా వేసుకోవచ్చు, ఊళ్ళో హోటల్లో వేడినీళ్ళ స్నానం చేయొచ్చు. దానికి 150 జీబీ ఖాళీ కావాలి. అంత చోటు, అంత డేటా ఉంటే కళ్ళు మూసుకుని కొనండి. లేకపోతే పాత ఆటల్ని తీసేసి మరీ దానికి చోటు చేయక్కర్లేదు.

'అవుటర్ వైల్డ్స్' గురించి తక్కువ చెప్పడమే మేలు. 2019లో వచ్చింది. చిన్న అంతరిక్ష నౌక, చిన్న సూర్యకుటుంబం, 22 నిమిషాల వ్యవధి. ఒక్కో గ్రహం మీద మనకంటే ముందు వెళ్ళిన యాత్రికుడు ఒక్కడు నెగడు వేసుకుని వాద్యం వాయిస్తూ ఉంటాడు. చేతిలో ఉన్న పరికరాన్ని ఆకాశం వైపు తిప్పితే ఒకచోట బాంజో, ఒకచోట డోలు, ఇంకోచోట వేణువు వినిపిస్తాయి. ఆ శబ్దం పట్టుకుని వెళ్ళి ఆ నెగడు పక్కన కూర్చోవడం నా ప్రయాణాలన్నిటిలోనూ గొప్ప బస. కొనేముందు దాని గురించి ఏమీ చదవకండి, వీడియోలు చూడకండి. ఈ ఆటని ఒక్కసారే ఆడగలం.

ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగితే మాత్రం 'ఎ షార్ట్ హైక్' అంటాను. 2019లో ఆడమ్ రాబిన్సన్-యూ తయారుచేసిన చిన్న ఆట. ఇచ్.ఐఓ అనే స్టోర్‌లోనూ స్టీమ్‌లోనూ ఉంది, పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది, గంటన్నర చాలు. క్లెయిర్ అనే పక్షి పిల్ల ఒక ఫోన్ కాల్ కోసం ఎదురుచూస్తోంది. సిగ్నల్ కొండ మీదే ఉందంటారు. ఎక్కాలి. బంగారు ఈకలు దొరికేకొద్దీ ఇంకొంచెం పైకి ఎక్కగలం, మధ్యలో దారి తప్పినా ఎవరూ తొందరపెట్టరు. ఇక్కడ పడక లేదు, నా కొలతకి ఇదొక్కటే లొంగలేదు.

కొండ మీద ఆ ఫోన్ వస్తుంది. ఎవరు చేశారో, ఏం చెప్పారో నేను చెప్పను. నేను ఆ కాల్ ఎత్తేసరికి అమ్మ మేలుకునే ఉంది. ఇద్దరం మొత్తం విన్నాం. ఆ తర్వాత అమ్మ, "మళ్ళీ కిందికి ఎగిరే ముందు కాసేపు అక్కడే ఉండవే" అంది.